అనిత్యం అంటే తలొంచుకోవడమా? ధనుష్కోటి స్టేషన్ అడిగే ప్రశ్న



ధమ్మ తరగతుల్లో అనిత్యం గురించి చెప్పినప్పుడల్లా వెనక వరసలోంచి ఒక ప్రశ్న వస్తుంది. "అన్నా, అంతా మారిపోయేదే, అంతా పోయేదే అయినప్పుడు మనం కొట్లాడేది దేనికి? పోయింది పోయిందని ఊరుకోవచ్చు కదా?" ఈ ప్రశ్న ఎగతాళికి అడిగేది కాదు. గాలివానకు ఇల్లు పోయినవాళ్లు అడుగుతారు, భూమి పట్టా పోయినవాళ్లు అడుగుతారు, చేతికొచ్చిన కొడుకు పోయిన తల్లి అడుగుతుంది. నిన్నటిదాకా వాళ్లకు ఊరంతా "నీ ఖర్మ" అని చెప్పింది. ఇప్పుడు విహారానికి వస్తే మనం "అనిచ్చ" అని చెబుతున్నాం. వినేవాళ్లకు రెండూ ఒక్కలాగే వినిపిస్తే తప్పు వాళ్లది కాదు. ఈ రెండు మాటలకూ ఉన్న తేడా విప్పి చెప్పాల్సిన బాధ్యత మనమీద ఉంది.

ఆ తేడా చెప్పడానికి ఒక చిన్న రైల్వే స్టేషన్‌ను తీసుకుందాం.

స్టేషన్ అనగానే మనకు మసూర్ గుర్తుకొస్తుంది. 1901లో బాల భీమరావు అన్నతో, అక్క కొడుకుతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి ఆ స్టేషన్‌లో దిగడం, స్టేషన్ మాస్టర్ కులం అడగడం, మహర్లని తెలిసి బండివాళ్లు రామనడం, చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి బండి తామే తోలుకోవాల్సి రావడం, ఇదంతా బాబాసాహెబ్ స్వయంగా రాసిపెట్టారు. ఆ కథ మన పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు చెప్పబోయే స్టేషన్ గురించి మనం అంతగా చెప్పుకోలేదు. దాని పేరు ధనుష్కోటి. అక్కడికి రైలు వెళ్లక అరవై ఏళ్లు దాటింది.

పట్టాలు ఎవరి కోసం పడ్డాయి?

తమిళనాడులో రామేశ్వరం దీవికి తూర్పు కొసన, ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క మన్నారు సింధుశాఖ, రెండిటి నడుమ సన్నటి ఇసుక మేట. అదే ధనుష్కోటి. పేరుకు విల్లు కొస అని అర్థం. అక్కడికి వెళ్లే యాత్రికులు రామాయణ కథ చెప్పుకుంటారు. కానీ అక్కడ స్టేషన్ కట్టించింది పురాణం కాదు, వ్యాపారం. ఆ వ్యాపారంలో తేయాకుది పెద్ద వాటా.

1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచారు. రెండు కిలోమీటర్ల పొడవున సముద్రం మీద కట్టిన వంతెన అది. ఓడ వచ్చినప్పుడు మధ్య భాగం రెండు రెక్కల్లాగ పైకి లేచేది. దాంతో దేశం నుంచి దీవిలోకి రైలు వెళ్లడానికి దారి పడింది. మద్రాసు ఎగ్మూరులో బండెక్కినవాళ్లు ధనుష్కోటిలో దిగి, అక్కడి రేవులో స్టీమరెక్కి, ఇరవై మైళ్ల పైచిలుకు సముద్రం దాటి, సిలోన్‌లోని తలైమన్నారులో మళ్లీ రైలెక్కి కొలంబో చేరేవాళ్లు. మొత్తం ప్రయాణానికి ఒకే టిక్కెట్టు. ఆ బండిని బోట్ మెయిల్ అనేవారు. స్టేషన్ చుట్టూ ఊరు పెరిగింది. పోస్టాఫీసు, కస్టమ్స్ ఆఫీసు, రైల్వే ఆస్పత్రి, చర్చి, స్కూలు అన్నీ వచ్చాయి.

దొరలు ఈ దారిన వెళ్లారు, వ్యాపారులు వెళ్లారు. కానీ వేలకు వేలుగా వెళ్లినవాళ్లు వేరు. సిలోన్ కొండల్లో బ్రిటిషువాళ్లు మొదట కాఫీ తోటలు వేశారు. 1869 తర్వాత కాఫీ ఆకులకు తెగులు పట్టి ఆ తోటలు నాశనమయ్యాయి. వాటి స్థానంలో తేయాకు వచ్చింది. తేయాకుకు ఏడాది పొడవునా కూలీలు కావాలి. ఆ కూలీలు తమిళ జిల్లాల్లోని కరువు పల్లెల నుంచి వచ్చారు. రైలు లేని కాలంలో వాళ్లు పడవల్లో మన్నారు తీరం చేరి, అక్కడి నుంచి అడవుల్లో కొండలదాకా నడిచి వెళ్లేవాళ్లు. జ్వరాలతో, కలరాతో, ఆకలితో ఆ దారిలో వేలమంది చనిపోయారు.

వాళ్లెవరు? ఎక్కువమంది పరైయర్లు, పళ్లర్లు, అరుంధతీయులు. అంటే మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తమిళనాడు అరుంధతీయుల్లో చాలా కుటుంబాలు ఈ రోజుకీ ఇంట్లో తెలుగు మాట్లాడతాయి. అందువల్ల ఆ రైలు పెట్టెల్లో మన భాష కూడా వినిపించి ఉంటుంది. వాళ్లను తీసుకెళ్లినవాడిని కంగాణి అనేవారు. మన కోస్తా జిల్లాల నుంచి బర్మా వెళ్లిన కూలీలకు మేస్త్రీ ఎలాగో, వీళ్లకు కంగాణి అలాగ. ముందు అడ్వాన్సు ఇచ్చి అప్పులో దింపేవాడు, ఆ తర్వాత తోటలో ఆ అప్పు తీరనిచ్చేవాడు కాదు. కులం సముద్రం దాటితే పోతుందంటారు కదా, అక్కడ పోలేదు. తోటల్లోని కూలీ లైన్లలో కూడా ఎవరి గదులు ఎక్కడుండాలో కులాన్ని బట్టే నడిచింది.

పాంబన్ వంతెనకు ఇవతల, ఒడ్డున మండపం అనే ఊళ్లో సిలోన్ ప్రభుత్వం ఒక క్యాంపు నడిపింది. తోటలకు వెళ్లే కూలీలను అక్కడ దించేవాళ్లు. ఒళ్లు పరీక్ష చేసి, బట్టలు మందు పెట్టి శుభ్రం చేసి, రోగమేమీ లేదని తేలేదాకా కొన్ని రోజులు ఉంచి, ఆ తర్వాత ధనుష్కోటికి పంపేవాళ్లు. ఇదే రైలుకు డబ్బున్నవాడు నేరుగా వెళ్లేవాడు. 1939లో కూలీలు సిలోన్ వెళ్లడాన్ని భారత ప్రభుత్వం ఆపేసింది. అంటే పాతికేళ్లపాటు ఆ చిన్న స్టేషన్ మన పేదజనం దేశం దాటే గడపగా ఉంది.

1964: రెండు నెలల్లో రెండు దెబ్బలు

1964 డిసెంబరు 22 అర్ధరాత్రి ధనుష్కోటిని తుఫాను కొట్టింది. ఇరవై అడుగులకు పైగా లేచిన అలలు ఆ ఇసుక మేట మీదుగా దాటిపోయాయి. సరిగ్గా ఆ సమయానికి పాంబన్ నుంచి 653 నంబరు ప్యాసింజరు వస్తూ ఉంది. స్టేషన్ దగ్గర సిగ్నల్ కనిపించక డ్రైవర్ కొంతసేపు ఆగాడని, ఆ తర్వాత విజిల్ వేసి ముందుకు పోనిచ్చాడని చెబుతారు. ధనుష్కోటి ఇక ఎంతో దూరం లేదనగా అల వచ్చి బండిని ముంచేసింది. ప్రయాణికులు 110 మంది, రైల్వే సిబ్బంది 5 మంది, ఒక్కరూ మిగల్లేదు. ఇది అధికారుల లెక్క. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్లను కూడా కలిపితే 200 దాకా ఉంటారని చెప్పేవాళ్లున్నారు. ఆ తుఫానులో మొత్తం చనిపోయినవాళ్లు సుమారు 1,800 మంది అంటారు.

ఊరు పోయింది. స్టేషన్ పోయింది. ఆ చోటు మనుషులు ఉండడానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. ఈ రోజు అక్కడికి తారురోడ్డు మీద జీపులు, బస్సులు వెళ్తాయి. చర్చి మొండిగోడలు, స్టేషన్ మొండిగోడలు చూసి జనం ఫొటోలు దిగి వస్తారు. కొన్ని మత్స్యకార కుటుంబాలు తాటాకు గుడిసెల్లో ఇప్పటికీ అక్కడే బతుకుతున్నాయి.

ఈ తుఫాను సంగతి చాలామందికి తెలుసు. దానికి రెండు నెలల ముందు జరిగింది చాలామందికి తెలీదు. 1964 అక్టోబరు 30న ఢిల్లీలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే ఒక ఒప్పందం చేసుకున్నారు. అది తోట కూలీల గురించి. 1948లో సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే అక్కడి పార్లమెంటు పౌరసత్వ చట్టం చేసింది. తండ్రో తాతో అక్కడే పుట్టినట్టు కాగితం చూపించాలి. కూలీ లైన్లో పుట్టినవాడికి కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? సుమారు 7 లక్షలమంది ఒక్క చట్టంతో ఏ దేశానికీ చెందని వాళ్లయిపోయారు. ఓటు కూడా పోయింది. 1964 ఒప్పందంలో ఆ జనాన్ని పంచుకున్నారు. 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి, 3,00,000 మందిని సిలోన్ ఉంచుకోవాలి, మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దాం అన్నారు. 1974లో ఆ మిగిలిన వాళ్లను చెరి సగం చేసుకున్నారు. నువ్వు ఎక్కడుంటావని మాత్రం ఆ కూలీలను ఎవరూ అడగలేదు.

తాతలు ధనుష్కోటి రేవులో ఓడెక్కారు. మనవలు తిరిగొచ్చేసరికి ఆ రేవూ లేదు, ఆ స్టేషనూ లేదు. రామేశ్వరంలో దిగారు. వాళ్లను తీసుకెళ్లి ఉంచింది మళ్లీ అదే మండపం క్యాంపులో. అక్కడి నుంచి కొందరిని నీలగిరుల్లో తేయాకు తోటలకు, కొందరిని కర్ణాటకలో సుళ్య వైపు రబ్బరు తోటలకు పంపారు. ఏ పని నుంచి వచ్చారో మళ్లీ ఆ పనికే.

కర్మ అందామా?

ఇప్పుడు మొదటి ప్రశ్న. రైల్లో పోయిన ఆ 115 మందిది, ఏ దేశమూ లేకుండా పోయిన ఆ 7 లక్షలమందిది పూర్వజన్మ కర్మ అందామా?

దీనికి బుద్ధ భగవానుడు సూటిగా జవాబు చెప్పిన సందర్భం ఒకటి సంయుత్త నికాయంలో ఉంది. మోలియ సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి అడిగాడు. మనిషి అనుభవించే సుఖం, దుఃఖం అంతా పూర్వం చేసినదాని వల్లే అని కొందరు శ్రమణ బ్రాహ్మణులు అంటున్నారు, మీరేమంటారని. అలా అనేవాళ్లు ప్రత్యక్షంగా కనిపించేదాన్ని దాటిపోయి మాట్లాడుతున్నారని, అది తప్పని బుద్ధుడు చెప్పాడు. దుఃఖానికి ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడడం, రుతువు మారడం, జాగ్రత్త తప్పడం, ఇతరులు చేసే హింస, ఆఖరిది కర్మఫలం. ఎనిమిదిలో ఒకటి మాత్రమే కర్మ. ఆ ఒక్కదాన్ని పట్టుకుని మిగిలిన ఏడింటినీ దాచేస్తే లాభం ఎవరికో చెప్పక్కర్లేదు. పోయిన జన్మలో చేసిన పాపానికి ఇప్పుడు అంటరానితనం అనుభవిస్తున్నావని మనల్ని వేల ఏళ్లు నమ్మించింది ఇలాగే. అందుకే బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో బ్రాహ్మణ కర్మ సిద్ధాంతాన్నీ బుద్ధుడు చెప్పిన కమ్మాన్నీ వేరుచేసి చూపించడానికి అంత శ్రమపడ్డారు.

ఈ జాబితా చేతిలో పెట్టుకుని ధనుష్కోటి వైపు చూడండి. తుఫాను రుతువు వల్ల వచ్చింది. సముద్రానికి ఎవరిమీదా పగ లేదు. సిగ్నల్ పనిచేయని రాత్రి బండి కదిలిందంటే అక్కడ జాగ్రత్త తప్పింది. మరి 7 లక్షలమంది పౌరసత్వం పోయింది దేనివల్ల? అది రుతువూ కాదు, పిత్తమూ కాదు. మనుషులు గదిలో కూర్చుని కాగితం మీద రాసినది. సుత్తం భాషలో అది ఇతరులు చేసిన హింస.

మూడు దుఃఖాలు, మూడు వేరువేరు కారణాలు. కారణం వేరైతే మందు కూడా వేరే ఉండాలి కదా.

అనిత్యం అని ఊరుకుందామా?

రెండో ప్రశ్న కొంచెం కష్టమైనది. కర్మ కాదు సరే. స్టేషన్ కట్టారు, పోయింది. వలస వెళ్లారు, తిరిగొచ్చారు. పుట్టినదేదైనా పోతుంది. అంతేనా?

పుట్టినదేదైనా పోతుందన్నది నిజం. ఇటుక, ఇనుము, పట్టా, ఊరు, రాజ్యం, మన శరీరం, అన్నీ కొన్ని కారణాలు కలిస్తే ఏర్పడ్డాయి, ఆ కారణాలు విడిపోతే పోతాయి. కానీ అనిత్యం అనేది వస్తువుల స్వభావం గురించిన మాట. ఏది మళ్లీ నిలబెట్టాలి, ఎవర్ని వదిలెయ్యాలి అనేది మనుషులు చేసే నిర్ణయం. మొదటిది చెప్పి రెండోదాన్ని కప్పిపుచ్చడం అధర్మం.

దీనికి రుజువు అదే రైలు మార్గంలో ఉంది. ఆ తుఫానులో పాంబన్ వంతెన కూడా దెబ్బతింది. నూట ఇరవైకి పైగా గిర్డర్లు సముద్రంలో పడిపోయాయి. వాటిని వెతికి పైకి తీసి, మళ్లీ స్తంభాల మీద నిలబెట్టారు. ఆ పని చూసిన యువ ఇంజినీరు ఇ. శ్రీధరన్. నెలలు పడుతుందనుకున్నది 46 రోజుల్లో అయిపోయింది. "అంతా అనిత్యం కదా, వంతెన పోతే పోయింది" అని ఎవరూ అనలేదు. అనకపోవడమే సరైనది. అవసరం ఉంది, మనసు పెట్టారు, అయింది.

మరి పౌరసత్వం సంగతి? 1948లో పోయినది, ఆ దీవిలో ఉండిపోయినవాళ్లకు పూర్తిగా దక్కాలంటే 2003లో శ్రీలంక పార్లమెంటు ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. అంటే 55 ఏళ్లు. ఇనుప గిర్డర్లను సముద్రం అడుగు నుంచి తేవడానికి 46 రోజులు, మనిషికి నువ్వు ఈ దేశం వాడివి అని ఒక కాగితం ఇవ్వడానికి 55 ఏళ్లు. యుద్ధం వల్ల ఈ ఒడ్డుకు వచ్చి తమిళనాడు క్యాంపుల్లో ఉన్నవాళ్లలో ఇప్పటికీ ఏ దేశపు పౌరసత్వమూ లేనివాళ్లు ఉన్నారు. దీన్ని అనిత్యం అంటామా?

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. పోయినవన్నీ మళ్లీ కట్టాలని కాదు. ఆ ఇసుక మేట మీద మళ్లీ వేలమందిని కాపురం పెట్టించకపోవడం వివేకమే అనుకోవచ్చు. 2019లో ధనుష్కోటికి మళ్లీ రైలు వేస్తామని శంకుస్థాపన చేశారు, రైలు రాలేదు. రాకపోతే పెద్ద నష్టం లేదేమో. వదలాల్సింది ఏది, వదలకూడనిది ఏది అని తెలుసుకోవడమే ప్రజ్ఞ. స్టేషన్‌ను వదలొచ్చు, మనుషుల్ని వదలకూడదు.

బౌద్ధ దేశంలోనే ఎందుకు జరిగింది?

ఇది మనం తప్పించుకోకూడని ప్రశ్న. 7 లక్షలమంది పేదల ఓటు తీసేసిన దేశం బుద్ధుణ్ణి కొలిచే దేశం. అక్కడ విహారాలున్నాయి, భిక్షువులున్నారు, బోధివృక్షం ఉంది. మనల్ని ఎగతాళి చేసేవాళ్లు దీన్నే ఎత్తిచూపుతారు.

జవాబు బాబాసాహెబ్ ఇచ్చిన కొలబద్దలోనే ఉంది. ధమ్మం సద్ధమ్మం కావాలంటే మనిషికీ మనిషికీ మధ్య ఉన్న అడ్డుగోడల్ని కూల్చాలి. గోడ కడుతూ పంచశీలం చదివితే అది ధమ్మం కాదు. ఆ మాట భారతదేశానికి ఎంత వర్తిస్తుందో సిలోన్‌కూ అంతే వర్తిస్తుంది, రేపు మన సంఘాలకు కూడా అంతే. మనలోనే మాల, మాదిగ అని గోడలు పెట్టుకుని విహారంలో పక్కపక్కన కూర్చుంటే, మనమీద కూడా ఇదే ప్రశ్న పడుతుంది.

1950లో బాబాసాహెబ్ ప్రపంచ బౌద్ధ సమావేశం కోసం సిలోన్ వెళ్లారు. కొలంబో టౌన్ హాల్ సభలో అక్కడి అంటరాని జనాన్ని బౌద్ధంలోకి రమ్మని పిలిచారు. అక్కడి బౌద్ధులకు కూడా చెప్పారు, వచ్చేవాళ్లను తల్లిదండ్రుల్లాగ చూసుకోమని. పౌరసత్వ చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ రెండో మాట ఆ దేశం వినుంటే చరిత్ర వేరేగా ఉండేది.

అనిత్యంలోనే ఆశ ఉంది

ఇప్పుడు వెనక వరసలోంచి వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. అంతా మారేదే అయితే కొట్లాడడం దేనికి? మారుతుంది కాబట్టే.

'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో అనిత్యం గురించి బాబాసాహెబ్ వివరించింది మళ్లీ చదవండి. ఆయన దాన్ని ఏడుపు మాటగా చెప్పలేదు. అన్నీ మారే స్వభావం ఉన్నవి కాబట్టే ఏదైనా సాధ్యమవుతుందని చెప్పారు. విత్తనం విత్తనంగానే ఉండిపోతే మొక్క లేదు. బిడ్డ మారకపోతే పెద్దవాడు లేడు. కులం నిత్యమైతే మనకు దారే లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది లేచి నిలబడి దీక్ష తీసుకున్నారంటే, పుట్టుక ఇచ్చినది మారుతుందని నమ్మబట్టే. "నీ ఖర్మ" అనే మాట ఉన్నచోటే ఉండమంటుంది. "అనిచ్చ" అనే మాట ఇది ఇలాగే ఉండక్కర్లేదు అంటుంది. తేడా అదే.

మన తీరానికి ఇది పుస్తకాల మాట కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలకు వేలమంది పోయారు. అల అందరికీ ఒకటే. కానీ ఊళ్లో ఎత్తు నేల ఎవరిది, పల్లపు నేల ఎవరిది? పేట ఎప్పుడూ పల్లంలోనే ఎందుకుంటుంది? 2004 సునామీ తర్వాత తమిళ తీరంలో సహాయ శిబిరాల్లో దళితుల్ని వేరుగా పెట్టిన ఉదంతాలు నమోదయ్యాయి. అల వచ్చింది రుతువు వల్ల. పల్లంలో ఉండాల్సి రావడం, శిబిరంలో పక్కకు నెట్టబడడం ఇతరులు చేసిన హింస వల్ల.

కాబట్టి ధమ్మ బంధువులారా, మన పని మూడు రకాలుగా ఉంటుంది. రుతువు వల్ల వచ్చిన దుఃఖం దగ్గర ఓదార్పు ఇవ్వాలి, పక్కన కూర్చోవాలి, అన్నం పెట్టాలి. అక్కడ ఉపన్యాసం వద్దు. జాగ్రత్త తప్పడం వల్ల వచ్చే దుఃఖం దగ్గర ముందే మేల్కోవాలి. మన పేటకు తుఫాను షెల్టర్ ఎంత దూరం, దాని తాళం ఎవరి దగ్గర ఉంది, హెచ్చరిక వచ్చిన రోజు ముసలివాళ్లను ఎవరు మోసుకెళ్తారు అనేది వానాకాలానికి ముందే సంఘంలో కూర్చుని రాసుకోవాలి. మనుషులు చేసిన దుఃఖం దగ్గర అర్జీ పెట్టాలి, నిలదీయాలి, కోర్టుకు వెళ్లాలి, సంఘటితం కావాలి. మూడు చోట్లా ధ్యానం మనల్ని నిలబెడుతుంది. ఒక్క చోట కూడా ఈ పనులకు బదులుగా ధ్యానం సరిపోదు.

రేపు ఎవరింట్లోనైనా చావు జరిగి పరామర్శకు వెళ్తే, "అంతా అనిత్యం" అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఈ దుఃఖం ఎక్కడి నుంచి వచ్చింది అని అడగండి. కారణం అడిగిన తర్వాత చెప్పే అనిత్యమే బుద్ధుడు చెప్పిన అనిత్యం.

నమో బుద్ధాయ. జై భీమ్.